కట్టని వాటా ఎవరికి బాకీ?

1950ల తొలి ఏళ్లలో బెనెడిక్ట్ కోల్ అనే అమెరికన్ బొగ్గు కంపెనీ, గని కార్మికుల సంక్షేమ, పింఛను నిధికి కట్టాల్సిన సొమ్ములో కొంత ఆపేసింది. తవ్విన ప్రతి టన్నుకూ ఇంత అని రాయల్టీ కడతానని ఒప్పందం మీద సంతకం చేసిన కంపెనీయే అది. ఆపడానికి చెప్పిన కారణం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. యునైటెడ్ మైన్ వర్కర్స్ సంఘం ఒప్పందానికి విరుద్ధంగా సమ్మెలకు దిగింది, గనులు ఆగాయి, మాకు నష్టం వచ్చింది, ముందు మాట తప్పింది వాళ్లే కదా అన్నది కంపెనీ. ఆపిన మొత్తం 76 వేల డాలర్ల పైచిలుకు. సమ్మెల వల్ల కలిగిన నష్టాన్ని జ్యూరీ 81 వేల డాలర్ల పైచిలుకుగా తేల్చింది. మన ఊళ్లో పెద్దమనుషుల ముందు పెట్టి ఉంటే చెల్లుకు చెల్లు అని ఇద్దరినీ ఇంటికి పంపేవారు.

1960లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చెల్లును ఒప్పుకోలేదు. సంఘం తప్పు చేస్తే నష్టపరిహారం సంఘం దగ్గరే వసూలు చేసుకోవాలి, నిధికి కట్టాల్సింది మాత్రం పూర్తిగా కట్టాలి అంది. సంఘం, నిధి ఒకటి కావు. సమ్మె నిర్ణయం సంఘం నాయకులది. ఆ నిధి మీద ఆధారపడ్డవాళ్లలో రిటైరైన ముసలి గని కార్మికులు, చనిపోయినవారి భార్యాపిల్లలు ఉన్నారు. నాయకుల తప్పుకు వాళ్ల పింఛనులో కోత వేయడానికి, ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉంటే తప్ప, కుదరదన్నది ఆ తీర్పు సారం.

యజమాని కట్టని వాటా ఎవరికి బాకీ? సంఘానికా, కార్మికుడికా, నిధికా? వినడానికి మాటల తేడాలా ఉంటుంది గాని, అమెరికాలో ఈ వ్యాజ్యాలన్నీ ఆ జవాబు మీదే తిరిగాయి. నిధికే బాకీ అని తేలిన కొద్దీ, కట్టకపోవడానికి యజమాని చెప్పగల సాకుల్లో చాలావరకు ఒక్కొక్కటే చెల్లకుండా పోయాయి. చివరికి అన్నిటికంటే గట్టిగా మిగిలింది ఒకటి: చేతిలో డబ్బు లేకపోవడం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తీర్పులు చదివి రాసే వ్యాసానికి పుట్టుకతోనే ఒక లోపం ఉంటుంది. కోర్టు మెట్లెక్కిన గొడవలే అందులో కనిపిస్తాయి. నోటీసు అందగానే కట్టేసిన యజమాని, మధ్యలో రాజీపడిన యజమాని ఆ పుటల్లోకి రారు. కాబట్టి చట్టం ఎటు మొగ్గిందో వీటిని బట్టి చెప్పవచ్చు గాని, ఎంతమంది ఎగవేస్తున్నారో చెప్పలేం.

టన్నుకు 5 సెంట్లు

1946లో బొగ్గు గనుల సమ్మె తీవ్రమైనప్పుడు ట్రూమన్ ప్రభుత్వం గనులను తన చేతిలోకి తీసుకుంది. అంతర్గత వ్యవహారాల మంత్రి జూలియస్ క్రుగ్, గని కార్మిక నాయకుడు జాన్ ఎల్. లూయిస్ ఆ ఏడాది మే నెలలో చేసుకున్న ఒప్పందంలోంచి గని కార్మికుల సంక్షేమ, పింఛను నిధి పుట్టింది. మొదట టన్నుకు 5 సెంట్లు. టన్ను లెక్కన పింఛను అనే మాట సింగరేణి ప్రాంతపు పాఠకులకు వింతగా తోచదు. మన బొగ్గు గనుల పింఛను పథకం 1998లో మొదలైంది. ఆ నిధి చాలక ఇబ్బంది పడ్డప్పుడు, కోల్ ఇండియా టన్నుకు 10 రూపాయల చొప్పున అందులో వేయడానికి ఒప్పుకుంది. రెండు దేశాల్లోనూ పింఛను నిధికి వేసే సొమ్ముకు బొగ్గు టన్ను ఒక కొలమానం అయింది.

ఆ డబ్బు మీద సంఘం నాయకుడికి అంత పట్టు ఉండటం అమెరికన్ కాంగ్రెస్‌లో చాలామందికి నచ్చలేదు. 1947లో ట్రూమన్ వీటోను తోసిరాజని తెచ్చిన టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం, యజమాని సంఘం ప్రతినిధులకు డబ్బు ఇవ్వడాన్నే నిషేధించింది. ఇలాంటి నిధులకు మాత్రం ఒక మినహాయింపు ఉంచింది. ఆ డబ్బు ట్రస్టులోకి పోవాలి, ఎంత, దేనికి అన్నది రాతపూర్వకంగా ఉండాలి, ట్రస్టీల్లో యజమానుల పక్షం, కార్మికుల పక్షం సరిసమానంగా ఉండాలి. అందుకే వాడుకలో సంఘం పింఛను నిధి అన్నా, చట్టం దృష్టిలో అది సంఘం జేబు కాదు. సంఘాన్ని అదుపు చేయడానికి పెట్టిన షరతే తరవాత నిధికి రక్షణ కవచం అయింది. సంఘంతో గొడవ ఉందని నిధికి ఎగ్గొట్టే దారిని మూసింది ఈ వేరుచేయడమే.

ఇలాంటి నిధులు గనులకే పరిమితం కాదు. లారీ డ్రైవర్లు, తాపీ పనివాళ్లు, కరెంటు పనివాళ్లు ఏడాదిలో నలుగురైదుగురు యజమానుల దగ్గర పనిచేస్తారు. ఒక్కో యజమాని దగ్గర ఒక్కో పింఛను అంటే ఎవరికీ ఏదీ దక్కదు. అందుకని యజమానులందరూ ఒకే ఉమ్మడి నిధిలో వేస్తారు. కార్మికుడు ఎక్కడికి మారినా అతని గంటలు ఆ నిధి ఖాతాలోనే చేరుతుంటాయి.

ఒక కాంట్రాక్టరు లెక్క

నెల నెలా యజమాని ఒక పట్టీ పంపుతాడు. అందులో ఒక్కో కార్మికుడి పేరు, ఆ నెల చేసిన గంటలు, గంటకు ఇంత అన్న రేటు, మొత్తం ఉంటాయి. పట్టీతో పాటు చెక్కు. ఆ పట్టీ రాసేది యజమానే. అంటే తన బాకీ ఎంతో తనే చెప్పుకుంటాడు.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక కాంట్రాక్టరు దగ్గర 10 మంది, నెలకు ఒక్కొక్కరు 160 గంటలు, గంటకు 5 డాలర్ల వాటా. నెలకు 8,000 డాలర్లు అవుతుంది. ఆరు నెలలు కట్టలేదు, 48,000. ట్రస్టు పత్రంలో ఉన్న రేటుతో వడ్డీ 4,000 అయిందనుకుందాం. నిధి కోర్టుకెళ్లి గెలిస్తే అసలు, వడ్డీ మాత్రమే కాదు, దాని మీద ఇంకొక మొత్తం పడుతుంది: మళ్లీ వడ్డీ అంత గాని, పత్రంలో రాసుకున్న నష్టపరిహారం గాని, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. ఆ పరిహారం మామూలుగా బకాయిలో 20 శాతం మించకూడదు. మన లెక్కలో అది 9,600. మొత్తం 61,600. దాని పైన నిధి తరఫు లాయరు ఫీజు, కోర్టు ఖర్చులు. ఇవి ఇవ్వాలా వద్దా అని ఆలోచించే వీలు జడ్జికి లేదు, ఇచ్చి తీరాలి అని 1980 చట్టం రాసింది.

1980 వరకూ ఇంత కాఠిన్యం లేదు. అంతకు ముందు 1974లో ఎరిసా అని పిలిచే పింఛను భద్రతా చట్టం వచ్చింది. 1963 చివర్లో ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్‌లో స్టూడ్‌బేకర్ కార్ల ఫ్యాక్టరీ మూతపడి, వేలమందికి రావలసిన పింఛనులో చిన్న భాగమే చేతికందడం ఆ చట్టానికి దారి తీసిన ఉదంతాల్లో ముఖ్యమైనది. ఆరేళ్ల తరవాత, 1980 సెప్టెంబరులో, ఉమ్మడి నిధుల కోసం సవరణ చట్టం తెచ్చారు. ఎరిసాలో 515వ సెక్షన్ చేరింది అప్పుడే. ఒప్పందం కింద కట్టాల్సిన యజమాని ఆ ఒప్పందం షరతుల ప్రకారం కట్టాలి, చట్టానికి విరుద్ధం కానంత మేర. చెప్పడం అంతే. అప్పటిదాకా చిన్న చిన్న వసూళ్ల దావాలు కూడా సంఘానికీ యజమానికీ మధ్య జరిగిన పాత రగడల్లోకి దిగి ఏళ్లు సాగేవి. ఆ ఖర్చు నిధి మీదే పడేది.

నోటిమాట, ప్రోనోటు

ఆ ఒక్క వాక్యానికి కోర్టులు ఎంత బలం ఇచ్చాయో తెలియాలంటే 1989లో చికాగోలోని ఏడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు పూర్తి బెంచి ఇచ్చిన తీర్పు చూడాలి. ఒకవైపు టీమ్‌స్టర్స్ సంఘం లారీ కార్మికుల సెంట్రల్ స్టేట్స్ పింఛను నిధి, మరోవైపు గెర్బర్ ట్రక్ సర్వీస్. కాగితం మీద చూస్తే ఒప్పందం కిందికి వచ్చే ఉద్యోగులకు వాటా కట్టాలి. స్థానిక సంఘం మనిషికీ యజమానికీ మధ్య మాత్రం, కాగితం ఎలా ఉన్నా అందరికీ కట్టనక్కర్లేదని లోపాయికారీగా ఒక అనుకోలు ఉంది.

జడ్జి ఈస్టర్‌బ్రూక్ రాసిన తీర్పు ఆ నోటిమాటను పక్కన పెట్టింది. అందులోని పోలిక మనవాళ్లకు వెంటనే తడుతుంది. ప్రోనోటు రాసిచ్చినవాడికీ రాయించుకున్నవాడికీ మధ్య ఏ రహస్య ఒడంబడిక ఉన్నా, ఆ నోటును నిజాయతీగా కొనుక్కున్న మూడోవాడికి అది అంటదు. నిధి స్థానం అలాంటిదే. దాని చేతిలో ఉన్నది కాగితం ఒక్కటే, ఆ కాగితాన్ని నమ్మి అది పింఛను మాట ఇస్తోంది.

ఈ కాఠిన్యం అన్యాయంగా అనిపించవచ్చు. సంతకం పెట్టించినవాడే ఇది ఊరికే లాంఛనం అని నమ్మబలికి ఉంటే యజమాని గతేమిటి? తొమ్మిదో సర్క్యూట్ కోర్టు 1986లో రోజేస్ ట్రాన్స్‌ఫర్ కేసులో ఆ వాదనకు కూడా తావివ్వలేదు. మోసపు మాటలకు లొంగి సంతకం చేశానన్నది నిధి మీద చెల్లదు. తాను సంతకం పెడుతున్నది ఏ పత్రమో కూడా తెలియనివ్వకుండా మోసగిస్తే మాత్రం అది అసలు ఒప్పందమే కాదు, ఆ మార్గం తెరిచే ఉంది. నా ఉద్దేశంలో ఈ గీత సరైన చోటే పడింది. ఎందుకంటే పనిచేసిన గంటలకు కార్మికుడి పింఛను హక్కు, యజమాని కట్టినా కట్టకపోయినా, సాధారణంగా లెక్కకు వస్తూనే ఉంటుంది. ఒకడు ఎగ్గొడితే ఆ లోటు పూడ్చాల్సింది సక్రమంగా కట్టే మిగతా యజమానులు. నోటిమాటలు చెల్లుతాయంటే ముందు నష్టపోయేది వాళ్లే.

చట్టానికి విరుద్ధం కానంత మేర అన్న మాటకూ పని పడింది. సంఘంలేని గనుల బొగ్గు కొన్నా, ఆ టన్నులకు కూడా నిధికి కట్టాలని గని కార్మికుల ఒప్పందంలో ఒక షరతు ఉండేది. కైజర్ స్టీల్ కట్టనంది, ఆ షరతే చట్టవిరుద్ధమంది. 1982లో సుప్రీంకోర్టు ఆ వాదన వినాల్సిందేనని తేల్చింది. చట్టవిరుద్ధమైన మాటను అమలు చేయడానికి కోర్టులు లేవు అన్నది అందులో తర్కం. ఆ కంపెనీ సొంతంగా తవ్విన బొగ్గు మీద వాటా గురించి ఆ తగాదా కాదు.

పుస్తకాలు తెరవండి

పట్టీ రాసేది యజమానే గనుక అందులో రాయని పేరు నిధికి ఎలా తెలుస్తుంది? నా దృష్టిలో ఈ వ్యాజ్యాలన్నిటికీ గుండెకాయ ఇదే. సెంట్రల్ స్టేట్స్ నిధి ఆడిటర్లు సెంట్రల్ ట్రాన్స్‌పోర్ట్ అనే కంపెనీ జీతాల పుస్తకాలు చూడాలన్నారు. నిధి పరిధిలోకి రారని తాము చెప్పే ఉద్యోగుల రికార్డులు చూపనంది కంపెనీ. ఎవరు పరిధిలోకి రారో చెప్పేది ఆ కంపెనీయే అయితే ఆడిట్ ఎందుకు? ట్రస్టీలు ఆ పుస్తకాలు అడగవచ్చని 1985లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ రాసిన ఆ తీర్పు, నిధికి రావాల్సినదేమిటో కనుక్కోవడం ట్రస్టీల విధి అంది, కార్మికులు ఫిర్యాదు చేసేదాకా ఆగనక్కర్లేదంది.

ఆడిటరు చేసే పని చూస్తే పెద్ద విద్యేమీ కాదు. జీతాల రిజిస్టరు, పన్ను కాగితాలు, గంటల చీటీలు, నిధికి పంపిన పట్టీ, ఇవి పక్కపక్కన పెట్టి చూస్తాడు. జీతం తీసుకున్న మనిషి పట్టీలో లేకపోతే అక్కడ వేలు పెడతాడు. పట్టీలో 100 గంటలు, జీతం 160 గంటలకు అయితే అక్కడ వేలు పెడతాడు.

ఎనిమిది రోజులు

ఇంత బిగింపులోనూ కన్నాలున్నాయి. ఒప్పందం గడువు ముగిశాక, కొత్తది కుదిరే లోపు యజమాని వాటా ఆపేస్తే? 1988లో అడ్వాన్స్‌డ్ లైట్‌వెయిట్ కాంక్రీట్ కేసులో సుప్రీంకోర్టు, 515 సెక్షన్ కింద నిధి దావా వేయలేదంది. ఆ గొడవ కార్మిక సంబంధాల బోర్డు ముందుకు పోవాలి. అక్కడ ఫిర్యాదుకు గడువు ఆరు నెలలే.

రెండో కన్నం కాలం. 1980 చట్టం నిధిని వదిలి వెళ్లే యజమాని మీద కూడా భారం మోపింది. నిధిలో తీరని లోటు ఉంటే అందులో తన వంతు కట్టి వెళ్లాలి. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బట్టలుతికే లాండ్రీలు నడిపిన ఫెర్బార్ అనే సంస్థ 1983లో వాటా కట్టడం మానేసింది. లోటు వంతుగా 45,570 డాలర్ల 80 సెంట్లు, నెలకు 345 డాలర్ల 50 సెంట్ల వాయిదాలుగా కట్టమని 1986 చివర్లో నిధి అడిగింది. మొదటి వాయిదా 1987 ఫిబ్రవరి 1న రావాలి. రాలేదు. నిధి దావా వేసింది 1993 ఫిబ్రవరి 9న. చట్టం ఇచ్చిన గడువు ఆరేళ్లు. ఎనిమిది రోజులు ఆలస్యం.

కింది కోర్టులు మొత్తం దావాను కొట్టేశాయి. 1997లో జస్టిస్ గిన్స్‌బర్గ్ రాసిన సుప్రీంకోర్టు తీర్పు, ఒక్కో వాయిదాకు ఒక్కో గడువు అని తేల్చింది. ఎనిమిది రోజుల ఆలస్యానికి నిధి పోగొట్టుకున్నది మొదటి వాయిదా ఒక్కటే. 345 డాలర్ల 50 సెంట్లు.

మూడోది కంపెనీ ముసుగు. కంపెనీ ఖాళీ అయితే దాని వెనకున్న మనిషిని పట్టుకోవచ్చా? కట్టని వాటా అప్పటికే నిధి ఆస్తి అయితే, దాన్ని వాడుకున్నవాడు నిధి సొమ్ముకు కాపలాదారుగా జవాబు చెప్పాలన్నది నిధుల వాదన. పదో సర్క్యూట్ 2005లో కాదంది. చేతికి రాని వాటా నిధికి రావాల్సిన అప్పు, అప్పు పడ్డంత మాత్రాన యజమాని నిధి సొమ్ముకు కాపలాదారు కాడు. ట్రస్టు పత్రంలో స్పష్టంగా రాసి ఉంటే నిధి ఆస్తే అన్న కోర్టులూ ఉన్నాయి. ఇక్కడ మన చట్టం వేరే దారి పట్టింది. జీతంలో కోసి భవిష్యనిధి కార్యాలయంలో కట్టని ఉద్యోగి వాటాను పాత శిక్షాస్మృతి 405వ సెక్షన్ నమ్మకద్రోహంగా చూసింది. అమెరికా ఉమ్మడి నిధుల్లో మామూలుగా జీతంలో కోత ఉండదు, వాటా యజమాని నేరుగా కట్టేదే. అందుకే అక్కడి వాదం అంత చిక్కు పడింది.

ఎల్లో కథ

చట్టం బిగింపు చివరికి ఎక్కడ ఆగుతుందో 2023లో ఎల్లో అనే పాత లారీ రవాణా కంపెనీ చూపించింది. 30 వేల ఉద్యోగాలు, అందులో 22 వేలమంది టీమ్‌స్టర్లు. ఆ ఏడాది జులై 15న సెంట్రల్ స్టేట్స్ ఆరోగ్య, పింఛను నిధులకు కట్టాల్సిన 5 కోట్ల డాలర్ల పైచిలుకు వాటా ఆగింది. సంఘం సమ్మె నోటీసిచ్చింది. కంపెనీ సమ్మెను ఆపమని కోర్టుకెళితే అది కుదరలేదు. నిధి 30 రోజుల గడువు ఇవ్వడంతో సమ్మె వాయిదా పడింది. అయినా నెలాఖరుకు లారీలు ఆగాయి, ఆగస్టు 6న కంపెనీ డెలావేర్‌లో దివాలా దావా వేసింది.

దివాలాలో నిధి కూడా ఒక అప్పులవాడే. పింఛను వాటాకు వరసలో కొంత ముందు చోటు ఉంది గాని అది దావాకు ముందు 180 రోజుల్లో చేసిన పనికే, పరిమితి మేరకే. అసలు పెద్ద మొత్తం, అంటే నిధిని వదిలి వెళ్లినందుకు కట్టాల్సిన లోటు వంతు, సాధారణంగా తాకట్టు లేని అప్పుల వరసలో నిలబడుతుంది. సెంట్రల్ స్టేట్స్ ఒక్కటే అడిగిన ఆ వంతు దాదాపు 480 కోట్ల డాలర్లు. 2023 డిసెంబరులో 130 టెర్మినళ్ల అమ్మకం దాదాపు 188 కోట్లకు కుదిరింది. ఈ రెండు అంకెలు చూస్తే చాలు.

ఎల్లో వాదనలో ఒక మెలిక ఉంది. అంతకు ముందు ఏడాది, 2022 డిసెంబరులో, సెంట్రల్ స్టేట్స్ నిధికి ప్రభుత్వం 3,580 కోట్ల డాలర్ల ప్రత్యేక సాయం ప్రకటించింది. మూడున్నర లక్షలమందికి పైగా కార్మికులు, పింఛనుదారులు ఆ నిధి మీద ఉన్నారు. సాయం రాకపోయి ఉంటే, నిధి కూలినప్పుడు కేంద్ర పింఛను హామీ సంస్థ ఇచ్చేది 30 ఏళ్ల సర్వీసుకు ఏడాదికి గరిష్ఠంగా 12,870 డాలర్లే. సాయం వచ్చాక నిధికి లోటే లేదు కదా, మేం కట్టేదేముంది అన్నది ఎల్లో. ఆ సాయాన్ని వెళ్లిపోయే యజమాని లెక్కలో ఒకేసారి కలపకూడదని హామీ సంస్థ నియమం పెట్టింది. ఆ నియమం పెట్టే అధికారం దానికి లేదని కంపెనీ వాదన. 2024 సెప్టెంబరులో దివాలా కోర్టు, ఏడాది తరవాత మూడో సర్క్యూట్ ఆ నియమాన్ని నిలబెట్టాయి. పన్ను కట్టేవాళ్లు ముసలివాళ్ల పింఛను కోసం ఇచ్చిన డబ్బు, వెళ్లిపోతున్న యజమానికి రాయితీ కాకూడదు. నాకు ఈ నిర్ణయం సబబుగానే కనిపిస్తుంది. గెలిచిన దావాలో చేతికెంత వస్తుందన్నది వేరే లెక్క.

మన దగ్గర

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సంఘం, యజమానులు కలిసి నడిపే ఇలాంటి నిధులు మామూలు రివాజు కాదు. ఇక్కడ పింఛను వాటా 1952 భవిష్యనిధి చట్టం నీడలో పెరిగింది. ఆర్టీసీలాంటి సంస్థలకు సొంత పీఎఫ్ ట్రస్టులున్నా, వాటి మీద పైచూపు ఆ చట్టానిదే. యజమాని వాటా 12 శాతంలో 8.33 శాతం, 15 వేల రూపాయల జీతం పరిమితి మేరకు, పింఛను పథకానికి పోతుంది. ఎగవేతను తేల్చేందుకు ఆ చట్టం 7ఎ విచారణ పెట్టింది, ఏటా 12 శాతం వడ్డీ వేసింది, 14బి కింద నష్టపరిహారం వేసింది. ఆ పరిహారం వేయడానికి యజమాని దురుద్దేశం నిరూపించనక్కర్లేదని 2022 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో నిధే వాది అయి కోర్టుకు పోవాలి. ఇక్కడ కార్యాలయమే విచారించి తేలుస్తుంది. మన పద్ధతి కాగితం మీద వేగమైనది, అయితే కార్యాలయానికి తెలియని కార్మికుడి విషయంలో అదీ కదలదు.

ఆ కార్మికుడి సంగతి కార్యాలయానికి తెలియజేయగలది అతని చేతిలోని జీతం చీటీయే. అమెరికాలో చాలా నిధులు తమ కార్మికులకు జీతం చీటీలు పారేయొద్దని చెబుతాయి, పట్టీలో గంటలు తగ్గితే అడగడానికి ఆధారం అదొక్కటే కాబట్టి. ఇక్కడ ఇంకొంచెం సులువు. పీఎఫ్ పాస్‌బుక్ ఫోన్‌లోనే కనిపిస్తుంది, ఏ నెల జమ పడిందో, ఏ నెల పడలేదో అందులో ఉంటుంది. ఈ నెల చీటీ చేతికొచ్చాక ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఒకసారి చూసుకోండి. తేడా ఉంటే, చీటీ చిరగకముందే దాని నకలు తీసి పెట్టుకోండి.